పశువు జాతి, పచ్చిక నేల – రెండూ కలిస్తేనే పాడి



మే నెలలో ఇబ్రహీంపట్నం ఎండ ఎట్లా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. మేత మాని రొప్పే పశువు పాలు తగ్గిస్తుంది, సకాలంలో ఎదకు రాదు. ఎండను తట్టుకునే పశువును ఎట్లా నిలుపుకోవాలో, దాని మేత భూమిని ఎట్లా కాపాడుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

మన జాతి, పరాయి మందలు

గుండ్లకమ్మ, మూసి నదుల మధ్య పెరిగిన ఒంగోలు జాతిని బ్రెజిల్ వారు 'నెలోర్' అంటారు. 1904కు ముందు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ పేరే నిలిచిపోయింది. 1960 దశకం మొదట్లో కూడా ఇక్కడి ఆబోతులను వారు తీసుకుపోయారు. నేడు అక్కడి మాంసపు మందలలో ఎక్కువ భాగం ఈ జాతి రక్తమే. అమెరికాలో టెక్సాస్ ఎండకు ఆగలేని షార్ట్‌హార్న్‌ను మన దేశపు పశువుల సంతతియైన బ్రాహ్మన్‌తో సంకరపరచి, కింగ్ రాంచ్ వారు శాంటా గెర్ట్రూడిస్ జాతిని తయారుచేశారు. దానికి 1940లో గుర్తింపు వచ్చింది.

తెల్లని పొట్టి వెంట్రుకలు, వాటి కింద నల్లని చర్మం, వదులైన గంగడోలు, చెమట పట్టే గుణం – ఇవే ఈ జాతి బలం. పిడుదుల బాధ కూడా తక్కువ.

నేల అరిగితే?

జాతి ఒక్కటే చాలదు. బ్రెజిల్‌లో మందలు మితిమీరిన చోట పచ్చిక పలచబడింది. కొత్త మేత కొరకు అడవులు నరికారు. మన వద్ద బంజర్లు తగ్గాయి, మిగిలిన బీడును ఏడాది పొడవునా మేపుతున్నాం. కొరికిన గడ్డి మళ్ళీ ఆకు వేయకముందే మేపితే వేరు చచ్చిపోతుంది. వాన నీరు ఇంకక మన్ను కొట్టుకుపోతుంది.

చేయవలసిన పనులు

1. పంచాయతీ అనుమతితో బీడును నాలుగు భాగాలు చేయండి. ఒకటి మేపుతూ మూడింటికి విశ్రాంతి ఇవ్వండి.

2. ఏటా ఒక భాగాన్ని గింజ రాలేవరకు మేపవద్దు.

3. తొలకరిలో స్టైలో, అంజన్ గడ్డి విత్తనం చల్లండి. వాలు నేలలో అడ్డంగా కందకాలు తీయండి.

4. మేలైన ఒంగోలు ఆవుకు ఒంగోలు వీర్యమే వేయించండి. పచ్చిమేత, నీడ ఉన్నవారే జెర్సీ సంకరానికి వెళ్ళండి. విదేశీ రక్తం సగానికి మించితే ఎండకు తాళలేదు.

5. ఒకే ఆబోతును ఏళ్ళ తరబడి వాడవద్దు. దాని కూతుళ్ళు ఎదకు రాకముందే మార్చండి.

6. గేదెకు చెమట తక్కువ. మధ్యాహ్నం నీడ, ఒంటికి నీళ్ళు తప్పనిసరి.

ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు పని తగ్గింది, ఒంగోలు ఆవును పోషించేవారూ తగ్గారు. పరదేశం వారు పెంచుకున్న జాతిని పుట్టినచోట పోగొట్టుకోవడం మనకు తగదు. వానలకు ముందే సంఘ సమావేశంలో బీడు సంగతి తేల్చుకుందాం.