దువాతో పాటు దవా

స్కిజోఫ్రెనియా అనే పేరు మన ఇళ్లలో వినబడదు. గాలి సోకిందనో, సాయా పడిందనో, ఎవరో చేయించారనో అంటాం. ఖాళీ గదిలో మాటలు వినబడే మనిషికి ఆ మాటలు నిజమే. అందుకే తనకు జబ్బే లేదంటాడు. అది మొండితనం కాదు, చాలామందిలో జబ్బు లక్షణమే. తల్లేమో తన పెంపకంలో లోపం వెతుక్కుంటుంది. ఆడపిల్లయితే సంబంధాలు తప్పిపోతాయని దాచేస్తాం.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రమం తగలబడింది. గొలుసులతో కట్టేసిన రోగులు పారిపోలేకపోయారు. మొత్తం 28 మంది చనిపోయారు. నయమవుతుందనే కదా ఇంటివాళ్లు అక్కడ వదిలింది! రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది.

గుజరాత్‌లోని ఉనావాలో, మీరా దాతార్ దర్గాలో వేరే దారి పట్టారు. ముజావర్లకు జబ్బు గుర్తులు నేర్పారు. వాళ్లు దువా చేసి, రోగిని దగ్గరలోని డాక్టరుకు చూపించమంటారు. కుటుంబం దేన్నీ వదులుకోనక్కర్లేదు.

మందులు ఏళ్ల తరబడి వాడాలి. కాస్త కుదుటపడగానే ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఆపరేషన్ అంటే వెంటనే ఇచ్చే మనం, నెలనెలా మాత్రలకు ఇవ్వడం ఇంకా అలవాటు చేసుకోలేదు. ఈ లోగా టెలీ మానస్‌కు, 14416కు, ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా చెబుతారు.