డిక్కీ మూతి కొలిచాకే బేరం

నరసాపురం

చి. ల. సౌ. సుజాతకి,

కారు గురించి నువ్వు పంపినదంతా మీ అత్తయ్య చదివి వినిపించింది. సైకిళ్లు కార్లో వేసుకుని కొవ్వూరు దాటాక దిగి తొక్కుకుంటామన్నావు, మంచి ఆలోచనే. గోదారి మీద 1974 నాటి ఆ రోడ్డు-రైలు వంతెన నాలుగు కిలోమీటర్ల పైనే. దాని మీద బస్సుల పక్కన పిల్లని సైకిలు తొక్కించమని నేనూ చెప్పను. కానీ "వెనక ర్యాకు తగిలించుకుంటాం, ఏ కారైనా ఒకటే" అన్నావు చూడూ, అక్కడే నాకు పేచీ. మన వైపు తిరగాలంటే సైకిలు కారు లోపల పట్టాలి. ఆ లెక్కనే కారు ఎంచుకో.

ఎందుకంటావా? మీరు కోనసీమకి సరదాగా వెళ్లేది మా రేవు మీదుగానే అన్నావు. గోదారి దాటించే సఖినేటిపల్లి పంటు ఎక్కే కార్లని నేను రోజూ చూస్తూనే ఉంటాను. గట్టు మీంచి కిందికి దిగిన కారు, పంటు పలక మీదికి ముక్కు ఎత్తేసరికి తోక నేలకి వాలుతుంది. గోదారి పాటు మీదుంటే ఆ వాలు ఇంకా ఎక్కువ. ర్యాకుకి వేలాడే సైకిలు చక్రం సరిగ్గా అప్పుడే నేలకి రాసుకుంటుంది. పైకి ఎక్కించాక మాత్రం ఏం సుఖం? వెనక కారుకీ నీ కారుకీ జానెడు సందు ఉంటే గొప్ప, ఆ సందులోనే రెండు మోటారు సైకిళ్లు దూరుస్తారు. నీ గేర్ల సైకిలు ఎవరి కాలికి తగులుతుందో, ఎవరి కాలు దానికి తగులుతుందో!

పోలీసుల సంగతి వేరే ఉంది. ర్యాకు మీద సైకిలు నంబరు ప్లేటునీ వెనక దీపాలనీ కప్పేస్తే తప్పే. అది కాక, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194(1ఎ) సెక్షను చూడు. సామాను బండి పక్కలకి గాని, ముందు వెనకలకి గాని హద్దు దాటి పొడుచుకొస్తే 20,000 రూపాయల జరిమానా. అడిగేవాడు అడుగుతాడు, వదిలేసేవాడు వదిలేస్తాడు. పిల్లని కూర్చోబెట్టుకుని రోడ్డు పక్కన ఆ వాదన నీకెందుకు? టాపు మీద పెడదామంటావేమో. ఈ కాలపు కార్ల మీద కనిపించే పట్టీలు చాలావాటికి అలంకారమే, బరువు మొయ్యవు. పైగా మీ అపార్టుమెంటు సెల్లారులోకి దిగేటప్పుడు పైన సైకిలుందని అల్లుడుగారికి గుర్తుండాలి కదా.

ఇక అసలు పని. షోరూములో డిక్కీ ఇన్ని లీటర్లని చెబుతారు. ఆ లీటర్లు సూట్‌కేసులకి, సైకిలుకి కాదు. డిజైర్‌కి 380 లీటర్ల దాకా ఉంది, కానీ వెనక సీటు మడవదు, సైకిలు పట్టదు. నువ్వు టేపు పట్టుకెళ్లి మూడు కొలువు: డిక్కీ మూతి ఎత్తు, లోపల చక్రాల గూళ్ల మధ్య వెడల్పు, సీట్లు మడిచాక మూత నుంచి ముందు సీటు వీపు దాకా పొడవు. సైకిలు ముందు చక్రం తీసేస్తే అడుగు పైచిలుకు తగ్గుతుంది. మీ గేర్ల సైకిళ్లకి పానా అక్కర్లేదు, మీట తిప్పితే చక్రం చేతికొస్తుంది. గేర్ల వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, మధ్యలో పాత దుప్పటి వెయ్యి. ఆయిలు డిస్కు బ్రేకులైతే చక్రం తీశాక బ్రేకు మీట పొరపాటున కూడా నొక్కకు, ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి మళ్లీ డిస్కు దూరదు. ఆ సందులో ఒక అట్టముక్క పెట్టు. అన్నీ అయ్యాక తాడుతో కొక్కేలకి గట్టిగా కట్టాలి, బ్రేకు వేస్తే ముందుకి దూసుకొస్తాయి.

మీరు ముగ్గురు, సైకిళ్లు మూడు. నా మాటగా ఎర్టిగా చూడు. మూడో వరుస మడిస్తే 550 లీటర్లు, రెండోది కూడా మడిస్తే 803. రెండో వరుస సగమే మడిస్తే పిల్లకి ఒక సీటు మిగులుతుంది. డబ్బు అంత వద్దనుకుంటే ట్రైబర్. అందులో మూడో వరుస సీట్లు ఊడదీసి ఇంట్లో పడేసి రావచ్చు, అప్పుడు 625 లీటర్లు. పొడవు నాలుగు మీటర్ల లోపే. ఇంజను మాత్రం ఒక లీటరుదే, బరువుతో మారేడుమిల్లి ఘాటీ ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. ఇన్నోవా క్రిస్టా కావాలని అల్లుడుగారికి మనసులో ఉన్నట్టుంది. వద్దని చెప్పు. దాని వెడల్పు 1830 మిల్లీమీటర్లు, మన దారులా ఇరుకు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక తవ్వించిన కాలవల మీద పడవలు నడిచేవి, వాటిని తాళ్లతో లాగుతూ మనుషులు గట్ల మీద నడిచేవాళ్లు. ఆ గట్లే ఈనాటి రోడ్లు చాలాచోట్ల. మాసూళ్ల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒకపక్క కాలవ, ఒకపక్క చేను. అక్కడ ఎర్టిగాకీ దానికీ ఉన్న దాదాపు నాలుగు అంగుళాల తేడా చాలా తేడా.

సీఎన్‌జీ చవకని ఆశపడకు. గ్యాసు మన నేల కిందిదే అయినా, ఎర్టిగాలో దాని సిలిండరు కూర్చునేది నీ సైకిళ్ల చోటులోనే. పెట్రోలు బండే తీసుకో.

షోరూముకి సైకిళ్లతోనే వెళ్లండి, ట్రాలీ ఆటోలో వేసుకెళ్లినా సరే. అక్కడే ఎక్కించి మూత వేసి చూడండి, సేల్స్ కుర్రాడు నవ్వితే నవ్వనీ. చిన్నదాని సైకిలు ఇప్పుడు ఎన్ని అంగుళాలదో నాకు రాయి. రెండేళ్లలో అది చాలదు, కాబట్టి కొలతలు తీసేటప్పుడు తర్వాతి సైజు సైకిలు ఒకటి పక్కింటివాళ్లని అడిగి పట్టుకెళ్లు.

ఇట్లు,
మీ మావయ్య