దేశాభివృద్ధి ప్రణాళికలు – వాని శాసనాధారము

సంసారి యొకడు తన రాబడిని చూచుకొని, విత్తనముల కింత, బిడ్డల చదువున కింత, ఇంటి మరమ్మతున కింత యని ముందుగా నేర్పఱచుకొనును. దేశమునకును నట్టి యేర్పాటు కావలయును. దానికే ప్రణాళిక యని పేరు. అయితే సంసారి వ్యయము చేయునది తన సొమ్ము. ప్రభుత్వము వ్యయము చేయునది ప్రజల సొమ్ము. కావున నా ప్రణాళికను ఎవరు, ఏ యధికారముచేత రచింపవలయునని విద్యార్థు లెఱుంగుట యవసరము.

మన రాజ్యాంగమునందు ఆర్థిక, సాంఘిక ప్రణాళికారచనము ఉమ్మడి జాబితాలో 20వ యంశముగా నున్నది. అనగా పార్లమెంటును రాష్ట్ర శాసనసభలును దానిపై శాసనములు చేయవచ్చును. అయినను 1950 మార్చి 15వ తేదీన ప్రణాళికా సంఘము శాసనముచేత గాక, కేంద్ర ప్రభుత్వ తీర్మానముచేత నేర్పడినది. 2015 జనవరి 1వ తేదీన దాని స్థానమున వచ్చిన నీతి ఆయోగును అట్టిదే. తీర్మానముచే బుట్టినదానిని తీర్మానముచేతనే తొలగింపవచ్చును. కాలానుగుణముగా మార్చుకొనుట కిది సులభమే. కాని దాని విధులను శాసనము నిర్ణయింపదు. ఆర్థిక సంఘ మట్లు గాదు. అది రాజ్యాంగపు 280వ అధికరణముపై నిలిచియున్నది.

ఇక ధనము మాట. ప్రణాళిక యెంత గొప్పదైనను, 114వ అధికరణము ననుసరించి చట్టసభ యనుమతి లేనిదే సంచిత నిధినుండి ఒక్క రూపాయియైనను తీయరాదు. ఇదియే ప్రజల సొమ్మునకు గట్టి కాపుదల.

1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ సవరణము మఱియొక మేలు చేసినది. దాని ప్రకారము జిల్లా ప్రణాళికా సమితి, పంచాయతీలును పురపాలక సంఘములును సిద్ధపఱచిన ప్రణాళికలను కూర్చి, జిల్లా కంతటికి ముసాయిదా వ్రాయవలయును. పల్లెయు పట్టణమును నీటి నెట్లు పంచుకొనవలయుననునదియు నిందు చేరినదే. సభ్యులలో నైదింట నాలుగు వంతులకు తక్కువగాకుండ, జిల్లా పంచాయతీకిని పురపాలక సంఘములకును ఎన్నికైనవారు తమలోనుండి యెన్నుకొనినవారై యుండవలయును.

బాలబాలికలారా, పైనుండి దిగివచ్చు ప్రణాళికకు మన యూరి చెఱువు గండి తెలియదు. దాని నెఱిగినవారు గ్రామసభలో మౌనము వహించిన, శాసనము గ్రంథమునందే నిలిచిపోవును. తలిదండ్రులారా, ఆ సభకు తప్పక పొండు. వచ్చి, యచట జరిగినదానిని మీ బిడ్డలకు చెప్పుడు.