కలిసి ఒక ఇల్లు: ఎక్కడ మొదలు పెట్టాలి?



చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో టు-లెట్ బోర్డు చూసి మెట్లెక్కుతారు. చాలాచోట్ల ఓనరు అద్దె మాట కన్నా ముందు "ఇంటిపేరేంటి? ఏమోళ్లు మీరు?" అంటాడు. "బౌద్ధులం" అంటే, "సరే, అంతకు ముందు?" అంటాడు. బరోడా సంస్థానంలో పెద్ద చదువు చదివొచ్చి ఉద్యోగంలో చేరిన బాబాసాహెబ్‌నే పార్శీ సత్రంలోంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆ అవమానం తిన్న మనిషే 1925లో బహిష్కృత హితకారిణి సభ తరఫున షోలాపూర్‌లో మన పిల్లలకు హాస్టలు తెరిపించాడు.

కొన్ని కుటుంబాలు కలిసి ఉండడం కొత్త సంగతేం కాదు. డెన్మార్క్‌లోని సెట్టెడామెన్‌లో 1972లోనే 27 కుటుంబాలు ఇలా మొదలుపెట్టాయి. ఎవరి ఇల్లు వారిదే, ఎవరి తలుపు వారిదే. ఉమ్మడి వంటగది, ఉమ్మడి హాలు మాత్రం అందరివీ.

ఈ మాట ఎత్తగానే మనవాళ్లు గజం ధర దగ్గరికి పోతారు. అక్కడే ఆగిపోతారు కూడా. ముందు చూసుకోవాల్సింది స్థలం కాదు, గిన్నెలు ఎవరు తోముతారన్నది.

మజ్ఝిమ నికాయంలో చూల గోసింగ సుత్తం ఉంది. అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు ఒకే వనంలో ఉండేవారు. మీరు ఎలా కలిసి ఉంటున్నారని బుద్ధుడు అడిగితే వాళ్లు చెప్పినవన్నీ చిన్న పనులే. భిక్ష నుంచి ముందు వచ్చినవాడు ఆసనాలు వేసి నీళ్లు పెడతాడు. చివర వచ్చినవాడు ఎత్తిపెట్టి ఊడుస్తాడు. ఖాళీ కుండ ఎవరి కంట పడితే వారు నింపుతారు, బరువైతే ఇంకొకరిని సైగతో పిలుస్తారు. అయిదు రోజులకోసారి రాత్రంతా ధమ్మ చర్చ.

అశోక్‌నగర్ రూముల్లో గ్రూప్స్‌కి చదివిన మీకు ఇది తెలిసిందే. సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి ముందొచ్చినవాడు కుక్కర్ పెట్టలేదా?

అసలు కష్టం వేరే ఉంది. దీక్ష తీసుకున్నాక కూడా మాల ఇళ్లు ఒకవైపు, మాదిగ ఇళ్లు ఒకవైపు అయితే అది ఊరి వాడే, మేడ మీద కట్టామంతే. కాబట్టి మొదటి అయిదారు కుటుంబాలు ఒకే బంధుత్వంలోవి కాకుండా చూడండి. హాల్లో మగవాళ్ల ధమ్మ చర్చ, వంటగదిలో ఆడవాళ్ల చాకిరీ అన్నా కుదరదు.

ఆరునెలలు నెలకు రెండుసార్లు కూర్చోండి. అద్దె ఏ తారీఖున కట్టాలి, మధ్యలో వెళ్లేవారి అడ్వాన్సు ఎలా తిరిగివ్వాలి, గొడవొస్తే ఎవరి ముందు మాట్లాడుకోవాలి, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే ఒకే బిల్డింగులో నాలుగు పోర్షన్లు అద్దెకు వెతకండి. కొనే మాట వచ్చినప్పుడు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది. దానికి వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం 10 మంది కావాలి.

మొదటి భోజనం వచ్చే పౌర్ణమికి పెట్టుకోండి. ఎవరు వండాలో, ఎవరు తోమాలో చీటీలు వేయండి. మగవాళ్ల పేర్లు కూడా వేయండి.