ఉక్కు పలకలతో ఇంజను బ్లాకు

ఇంజను బ్లాకును సాధారణంగా పోత పోసి తయారు చేస్తారు. అందుకు నమూనా, ఇసుక అచ్చు, కరిగించే కొలిమి అవసరం. ఒక్క ఇంజను మాత్రమే నిర్మించదలచిన వానికి ఆ వ్యయం భారమే. ఉక్కు పలకలను కోసి వెల్డింగు ద్వారా అతకడం వేరొక మార్గం. 1964లో వారణాసిలో తయారీ మొదలైన డబ్ల్యు.డి.ఎం.-2 రైలింజన్లలోని డీజిల్ ఇంజను బ్లాకు వెల్డింగు చేసిన ఉక్కుదే.

అయితే అతుకు దృఢంగా ఉన్నంత మాత్రాన బ్లాకు సిద్ధమైనట్లు కాదు. కరిగిన లోహం చల్లారునప్పుడు కుంచించుకొని, పలకలలో అంతర్గత ప్రతిబలాలను మిగులుస్తుంది. ఆ స్థితిలోనే బోరింగు చేస్తే, అవి క్రమంగా సడలి సిలిండర్ల గుండ్రదనం, క్రాంకు షాఫ్టు బేరింగుల వరుస చెడతాయి. కనుక బ్లాకును సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి, కొలిమిలోనే మెల్లగా చల్లార్చాలి. తుది కొలతలకు కోయడం ఆ తరువాతనే. పిస్టను రింగుల ఒరిపిడికి మెత్తని ఉక్కు తగదు గనుక పోత ఇనుప లైనర్లు అమర్చాలి.

నీరు ప్రవహించే గోడల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అమెరికాలో 1946లో వెలువడిన క్రాస్లీ కారు బ్లాకును పలుచని ఉక్కు రేకులను రాగితో అతికి నిర్మించారు. అది ఎంతో తేలిక. కాని రాగి, ఉక్కు నీటిలో కలిసి ఉన్నందున విద్యుద్రసాయనిక చర్య జరిగి రేకులకు చిల్లులు పడ్డాయి. 1949లో ఆ సంస్థ పోత ఇనుమునకే మరలింది.

కాబట్టి ఈ పనికి పూనుకొనే విద్యార్థి వెల్డింగు నేర్పుతోపాటు లోహ స్వభావాన్ని కూడా అభ్యసించాలి.