పలకమీద గీసిన ధ్వని

మార్కాపురం పలకలు పేరు పొందినవి. అక్కడి భూమిలో పొరలు పొరలుగా వుండే రాతిని పలుచగా చీల్చి, చెక్క చట్రం బిగించి చేసిన పలకలు దేశవిదేశాల పిల్లల చేతులకు అందాయి. అలాంటి పలక ఒకటి తీసుకోండి. కంప్యూటరు ఆటలో వెనకనుంచో పక్కనుంచో వినిపించే అడుగుల చప్పుడు ఎలా పుడుతుందో దాని సాయంతో తెలుసుకుందాం.

ధ్వని అంటే గాలి ఒత్తిడిలో కలిగే హెచ్చుతగ్గులు. వాటిని చూపే వంకర గీతను పలకమీద గీయండి. దాన్ని ఖండిస్తూ సమాన దూరాల్లో 10 నిలువు గీతలు గీయండి. ఎడమ అంచున కిందినుంచి పైకి 0 నుంచి 7 వరకు సంఖ్యలు వేయండి. వంకర గీత ఒక్కొక్క నిలువు గీతను ఎంత ఎత్తున తాకిందో కాగితంమీద రాసుకోండి. ఇప్పుడు పలక తుడిచి, కాగితాన్ని మీ స్నేహితునికి ఇవ్వండి. ఆ సంఖ్యల ప్రకారం చుక్కలు పెట్టి కలపమనండి. మీ గీత మళ్ళీ కనిపిస్తుంది! కాని కొంచెం మొరటుగా వుంటుంది. నిలువు గీతలూ, ఎత్తు మెట్లూ పెంచితే నునుపు తేలుతుంది.

కంప్యూటరులో సాధారణంగా సెకనుకు 48,000 నిలువు గీతలు, 65,536 మెట్లు వుంటాయి. ఇన్ని గీతలు ఎందుకు? మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాలదాకా వినగలదు. ఒక కంపనాన్ని సరిగా పట్టుకోవాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలి. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 కొలతలు పెట్టడానికి కారణం ఇదే.

మీ స్నేహితుడు చేసిన పనే సౌండ్ కార్డు చేస్తుంది. సంఖ్యలను విద్యుత్ హెచ్చుతగ్గులుగా మార్చి ఇయర్‌ఫోనుకు పంపుతుంది. మైకు దగ్గర మీరు చేసిన పని చేస్తుంది. సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు కంప్యూటరు ఆటలకు మంచి గొంతు నిచ్చింది.

మరి దిక్కు ఎలా తెలుస్తుంది? గిద్దలూరు స్టేషనులో కళ్ళు మూసుకొని నిలబడినా, రైలు కంభం వైపునుంచి వస్తోందో నంద్యాల వైపునుంచి వస్తోందో చెప్పగలరు. దగ్గరి చెవికి ధ్వని ముందుగా, కొంచెం గట్టిగా చేరుతుంది. చెవుల మధ్య దూరం 20 సెంటీమీటర్లు, ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అనుకుంటే, తేడా సెకనులో పదివేల వంతులు 6 మాత్రమే. 48,000 కొలతల్లో ఇది సుమారు 28 కొలతల ఆలస్యం. ఆట ప్రోగ్రామే ఈ తేడాను లెక్కకట్టి, కుడి ఎడమలకు వేరువేరు సంఖ్యలు రాస్తుంది. అంటే దిక్కు కార్డులో పుట్టదు, సంఖ్యల్లోనే వుంటుందన్నమాట. సెట్టింగులో ‘మోనో’ ఎంచుకొని వుంటే మాత్రం రెండూ కలిసిపోయి దిక్కు పోతుంది.

అలాంటప్పుడు యూఎస్‌బీ సౌండ్ కార్డు ఎందుకు? కంప్యూటరు పెట్టెలో విద్యుత్తు క్షణక్షణం మారుతూ వుంటుంది. ఆ అలజడి సున్నితమైన ధ్వని తీగలోకి చొరబడితే బుసబుస, గీగీ వినిపిస్తాయి. చిన్న అడుగుల చప్పుడు అందులో మునిగిపోతుంది. 1996లో వెలువడిన యూఎస్‌బీ పద్ధతి రూపకల్పనలో భారతదేశంలో పుట్టిన ఇంజనీరు అజయ్ భట్‌కు ముఖ్యపాత్ర వుంది. యూఎస్‌బీ తీగలో సంఖ్యలే ప్రయాణిస్తాయి. 0కూ 1కీ మధ్య తేడా పెద్దది కనుక కొద్ది అలజడికి అవి చెడవు. పెట్టె బయటికి వచ్చాకే ధ్వనిగా మారతాయి. అయితే కార్డుకు కావలసిన 5 వోల్టుల విద్యుత్తు కూడా ఆ కంప్యూటరు నుంచే వస్తుంది. కనుక ఒక్కొక్కప్పుడు రొద పూర్తిగా పోదు.

డబ్బు ఖర్చుపెట్టేముందు ఒక పరీక్ష చేయండి. మీ ఇయర్‌ఫోనును అది పట్టే ఫోనుకు తగిలించి వినండి. అక్కడా గరగర వుంటే లోపం ఇయర్‌ఫోనులోనే. కార్డు కొనడం వృథా. అక్కడ శుభ్రంగా వుండి, కంప్యూటరు దగ్గర మాత్రమే రొద వస్తే కార్డు పనికి రావచ్చు. యూఎస్‌బీ హెడ్‌ఫోనులో సౌండ్ కార్డు ముందే వుంటుంది.

ఒక జాగ్రత్త. రొద తగ్గితే శబ్దం పెంచనక్కరలేదు. అదే అసలు లాభం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్ల శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. పిల్లలు ఇంకా తగ్గించుకోవాలి. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు నశిస్తే తిరిగి మొలవవు. కార్డు చెడితే మరొకటి కొనుక్కోవచ్చు, చెవిని కొనలేం.

ఆలోచించండి: ఒక్కొక్క కొలత రాయడానికి 16 బిట్లు కావాలి. రెండు చెవులకూ సెకనుకు 48,000 కొలతల చొప్పున ఎన్ని బిట్లు అవుతాయి? 1996 నాటి యూఎస్‌బీ తీగ గరిష్ఠ వేగం సెకనుకు 1 కోటి 20 లక్షల బిట్లు. ఆ తీగ సరిపోతుందా? పలకమీద లెక్క చేసి చూడండి.