పవర్ స్టీరింగ్ యాడుంది?

రాయచోటి నుంచి కడపకు పోవాలంటే గువ్వలచెరువు ఘాటు దిగాల్సిందే. మలుపు మీద మలుపు. మనం వెనక సీట్లో పాలకోవా పొట్లం విప్పుతుంటే, డ్రైవరన్న ఒక్క చేత్తో బండిని తిప్పేస్తుంటాడు. పాత మారుతి 800లో అయితే రెండు భుజాలూ పనిచేయాల్సి వచ్చేది. ఆ తేడా తెచ్చిన సామాను కారులో ఎక్కడ దాక్కుందో ఈసారి వెతుకుదాం. నేను సీఎస్‌ఈ, కాబట్టి మెకానికల్ వాళ్లు నవ్వుకున్నా నా భాషలోనే చెప్తా.

ముందు ఇంజిన్ ఆపి, తాళం తీసి, బానెట్ ఎత్తండి. ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా, మూత మీద స్టీరింగ్ బొమ్మ కనపడిందా? అయితే అది హైడ్రాలిక్ రకం. పాత ఇన్నోవాలో ఇదే. అట్లాంటి డబ్బా ఎక్కడా లేదంటే చాలావరకు కరెంటు రకమే.

హైడ్రాలిక్‌లో వెతకడం సులువు, పైపు పట్టుకుని పోతే చాలు. డబ్బా నుంచి క్లిప్పు వేసిన లావు రబ్బరు పైపు పంపుకు పోతుంది. పంపు ఇంజిన్ ముందువైపు, బెల్టు తిప్పే చక్రాల్లో ఒకదాని వెనక ఉంటుంది. దాన్నుంచి ఇనుప మూతులు బిగించిన గట్టి పైపు కిందికి దిగుతుంది. ప్రెషరంతా దాంట్లోనే. అది చేరేది రాక్‌కు. రాక్ రెండు ముందు చక్రాల మధ్య అడ్డంగా, బాగా కింద ఉంటుంది, పైనుంచి కనపడదు. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, చక్రం వెనక టార్చి వేయండి. హార్మోనియం తిత్తి మాదిరి మడతల రబ్బరు బూటు కనిపిస్తుంది. దాంట్లోంచి వచ్చే కడ్డీ టై రాడ్, చక్రాన్ని లాగేది అదే. బూటు చిరిగితే దుమ్ము లోపలికి పోతుంది, మన ఎండాకాలం దుమ్ము సంగతి తెలిసిందే కదా. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి మాత్రం దూరొద్దు.

మనం స్టీరింగ్ తిప్పినప్పుడు లోపలున్న సన్నటి కడ్డీ కొంచెం మెలిపడుతుంది. ఆ మెలికకు వాల్వు తెరుచుకుని, ఆయిల్ రాక్‌లోని పిస్టన్‌ను ఒక పక్కకు నెడుతుంది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే ఇట్లాంటిది కారుకు బిగించి చూపించాడు. అమ్మకానికి మాత్రం 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో వచ్చింది. పాతికేళ్లు పట్టింది!

కరెంటు రకానికి బానెట్‌తో పని తక్కువ. స్విఫ్ట్, వ్యాగన్ ఆర్ లాంటి వాటిలో డ్రైవరు కాళ్ల దగ్గర తల పెట్టి డాష్‌బోర్డు కిందకు చూడాలి. స్టీరింగ్ కడ్డీకి అతుక్కుని ఒక మోటారు ఉంటుంది. మెలిక ఎంతో సెన్సర్ కొలుస్తుంది, కంట్రోలర్ లెక్క కడుతుంది, మోటారు అంత బలం ఇస్తుంది. ఇన్‌పుట్, ప్రాసెస్, అవుట్‌పుట్. ఆగకుండా నడిచే లూప్ అన్నమాట. 1988లో సుజుకి సెర్వోతో ఇది కార్లలోకి వచ్చింది. కొన్ని పెద్ద కార్లలో మోటారు రాక్ మీదే ఉంటుంది.

ఇవన్నీ తెలుసుకుని ఏం లాభం అంటారా? డీజిల్ మిగులుతుందని ఘాటులో ఇంజిన్ ఆపి బండిని జారవిడిచేవాళ్లు ఇంకా ఉన్నారు. పంపును తిప్పేది ఇంజినే. అది ఆగితే పంపూ ఆగుతుంది. కరెంటు రకంలో తాళం ఆఫ్ చేస్తే మోటారు సాయమూ పోతుంది. కడ్డీకీ చక్రాలకూ లంకె అట్లే ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది, కానీ రాయిలా బరువెక్కుతుంది. అదే సమయంలో బ్రేకు బూస్టర్ సాయం కూడా రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. తాళం పూర్తిగా తీసేస్తే స్టీరింగ్ లాకే పడొచ్చు.

నడుస్తుండగా దానంతటదే బరువెక్కితే కంగారు పడకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, గేరు తగ్గించి, వెడల్పున్న చోట పక్కకు తీసి ఆపాలి. ఆపాక మొదట చూడాల్సినవి హైడ్రాలిక్‌లో బెల్టు, డబ్బాలో ఆయిల్ మట్టం. కరెంటు రకంలో మీటరు దగ్గర వెలిగే స్టీరింగ్ బొమ్మ లైటు, ఫ్యూజు. ఆయిల్ తగ్గిందని చేతికి దొరికిన బ్రేక్ ఆయిల్ పోయొద్దు, రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. ఏది పోయాలో చాలా బండ్లలో ఆ మూత మీదే రాసుంటుంది.